బ్యారక్‌లో ఉయ్యాల

1825 మార్చి 1. బిస్కే అఖాతంలో పెనుగాలి. ఇంగ్లండ్ నుంచి బెంగాల్‌కీ, అక్కడి నుంచి చైనాకీ వెళ్లాల్సిన ‘కెంట్’ ఓడ అలల మీద అటూ ఇటూ ఒరుగుతోంది. అడుగు గదిలో సారా పీపాలు కదిలాయేమో చూద్దామని ఒక అధికారి దీపం పట్టుకుని దిగాడు. ఓడ ఒక్కసారిగా ఒరిగింది. దీపం చెయ్యి జారింది, పీపా పగిలింది, సారాకి నిప్పంటుకుంది. అప్పుడా ఓడలో బ్రిటిష్ సైన్యపు 31వ పటాలానికి చెందిన సైనికులు 344 మంది ఉన్నారు. వాళ్లతోపాటు 43 మంది ఆడవాళ్లు, 66 మంది పిల్లలు.

మెక్సికో గనుల్లో పనికి వెళ్లే కార్నిష్ కూలీలతో అటుగా పోతున్న ‘కేంబ్రియా’ అనే చిన్న ఓడ ఆ పొగ చూసి దగ్గరికొచ్చింది. నీటిలోకి దించిన మొదటి పడవలో మేజర్ డంకన్ మెక్‌గ్రెగర్ కొడుకుని అందరికన్నా ముందు పడుకోబెట్టారు. వాడికి ఐదు వారాలు. తర్వాత ఆఫీసర్ల ఇళ్ల ఆడవాళ్లందరికీ ఆ పడవలోనే చోటిచ్చారు. మామూలు సైనికుల భార్యల్లో మాత్రం పట్టినంతమందికే చోటు. కేంబ్రియా ఎక్కిన కొద్దిసేపటికే ఒక సైనికుడి భార్య ప్రసవించింది. ఆ బిడ్డకి ఓడ పేరే పెట్టారు. అర్ధరాత్రి దాటాక కెంట్‌లోని తుపాకిమందు పేలిపోయింది. మొత్తం 81 మంది చనిపోయారు. వాళ్లలో 20 మంది పిల్లలు.

ఐదు వారాల ఆ పసివాడు పెద్దయ్యాక జాన్ మెక్‌గ్రెగర్‌గా, ‘రాబ్ రాయ్’ అనే చిన్న దోనెలో యూరప్ నదుల్లో తిరిగి పుస్తకాలు రాసినవాడిగా పేరు తెచ్చుకున్నాడు. తండ్రి ఆ ప్రమాదం గురించి పుస్తకం రాశాడు. అందుకే ఇంత వివరంగా మనకి తెలిసింది. మిగిలిన పిల్లల సంగతి ఎవరూ రాయలేదు. ఇండియాలో పెరిగిన తెల్ల సైనికుల పిల్లల చరిత్ర వెతికినప్పుడల్లా ఈ తేడా ఎదురవుతుంది. ‘దొరల పిల్లలు’ అని మనం అందరినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, ఆఫీసరు బిడ్డ బాల్యం వేరు, బ్యారక్‌లో పుట్టిన సోల్జరు బిడ్డ బాల్యం వేరు.

అసలు ఓడ ఎక్కే దగ్గరే ఆ తేడా మొదలయ్యేది. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, పటాలానికి విదేశాలకి వెళ్లమని ఉత్తర్వు వస్తే, నూరుమంది సైనికులకి ఆరుగురి చొప్పున మాత్రమే భార్యలని సర్కారు ఖర్చు మీద తీసుకెళ్లేవారు. ఇండియా లాంటి మరీ దూరదేశాలకైతే పన్నెండు మంది. అదీ పైఅధికారి అనుమతితో పెళ్లి చేసుకుని, పటాలం పుస్తకంలో పేరున్నవాళ్లకే. అనుమతి లేకుండా చేసుకున్న పెళ్లి పటాలం లెక్కలో పెళ్లే కాదు. రేషన్ లేదు, గూడు లేదు, ఓడలో చోటూ లేదు. పుస్తకంలో ఉన్నవాళ్లలోనూ ఎవరు వెళ్లాలన్నది చీట్లు తేల్చేవి. టోపీలోనో డోలు మీదో మడిచిన కాగితాలు పెట్టేవారు. కొన్నిటి మీద ‘వెళ్లాలి’ అనీ, కొన్నిటి మీద ‘వెళ్లకూడదు’ అనీ రాసుండేది. తరచూ ఈ చీట్లు బయలుదేరబోయే ముందు తీసేవారు. కడుపుతో ఉన్నవాళ్లూ, చంటిబిడ్డల తల్లులూ ఆ వరసలోనే నిలబడి చీటీ తీయాలి. వెళ్లకూడదన్న చీటీ వస్తే భర్తని మళ్లీ ఎన్నేళ్లకి చూస్తుందో, అసలు చూస్తుందో లేదో తెలీదు. నెలగడవడానికి ఊరి ధర్మఖాతా దగ్గర చేయి చాచాలి. ఒక దేశం తన సైనికుల పట్ల ఇంత కఠినంగా ఎలా ఉండగలిగిందా అని ఈ నియమం చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

వెళ్లే చీటీ వచ్చినవాళ్లకి ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టి నాలుగైదు నెలల ప్రయాణం. పిల్లలకి తట్టు, విరేచనాలు, ఉప్పుమాంసం తిండి. 1860ల చివర్లో క్రొకడైల్, యూఫ్రటీస్, జమ్నా, మలబార్, సెరాపిస్ అనే ఐదు ఆవిరి ఓడలు సైనికుల కోసమే ప్రత్యేకంగా వచ్చాయి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ప్రయాణం నెలరోజులకి తగ్గింది. ఆ తర్వాతే కుటుంబాల రాకపోకలు కాస్త మానవమాత్రులు తట్టుకోగలిగేలా అయ్యాయి.

సరే, వచ్చారు. ఉండేదెక్కడ?

బ్యారక్‌లోనే. పొడవాటి హాలు, రెండు పక్కలా వరసగా మంచాలు, మంచానికొక సైనికుడు. ఆ హాల్లోనే ఒక మూల రెండు తాళ్లు కట్టి, వాటి మీద దుప్పట్లు వేలాడదీస్తే సంసారికి అదే ఇల్లు. అవతల పేకాట, తాగుడు, తిట్లు, పొగాకు కంపు. ఇవతల ఉయ్యాల. పురుడూ ఆ దుప్పటి వెనకే, పిల్లవాడి జ్వరమూ ఆ దుప్పటి వెనకే, ఒక్కోసారి చావు కూడా. పిల్ల ఏడిస్తే అరవై మంది నిద్ర లేస్తారు. మద్రాసు ప్రెసిడెన్సీలో కొన్నిచోట్ల పెళ్లయినవాళ్లకి విడిగా వరస ఇళ్లు కట్టారు. వాటిని పట్చేరీలు అనేవారు. ఒక గది, ముందు చిన్న వసారా. ఆ వసారా దొరికిన తల్లి అదృష్టవంతురాలు.

ఇంత ఇరుకులోనూ ఒక విచిత్రం ఉంది. ఇంగ్లండ్‌లో సోల్జరు భార్య బతుకు గడవడానికి పటాలం బట్టలుతకాలి. ఇండియాలో ఆ పని చాకలిది. నీళ్లు తెచ్చేందుకు తోలుతిత్తితో భిస్తీ ఉన్నాడు. కొద్ది రూపాయలకే పసిబిడ్డని చూసుకునే ఆయా దొరుకుతుంది. తన ఊళ్లో నలుగురి ఇళ్లలో అంట్లు తోమిన మనిషికి ఇక్కడ ‘మేమ్‌సాబ్’ అని పిలిచే మనిషి దొరికేది. తిరిగి వెళ్లాల్సి వచ్చినప్పుడు చాలామంది బెంగపెట్టుకోవడానికి ఇదొక కారణం.

భర్త చనిపోతే మాత్రం ఆమె పరిస్థితి ఒక్క రోజులో తారుమారయ్యేది. రేషన్, భత్యం కొన్ని నెలలు మాత్రమే ఇచ్చేవారు. ఆ గడువులోపు తిరుగు ఓడ ఎక్కాలి, లేదా పటాలంలోనే మరొకరిని పెళ్లాడాలి. పిల్లలున్న తల్లులు ఎక్కువగా రెండో దారే పట్టారు. మొగుడిని పాతిపెట్టిన కొద్ది వారాలకే మళ్లీ పెళ్లి చేసుకున్నారని ఆనాటి ఆఫీసర్లు ఈ ఆడవాళ్లని చులకనగా రాశారు. ఆ రాతలు చదివితే బాధేస్తుంది. చంటిపిల్లకి పాలు, తలమీద కప్పు ఉండాలంటే ఆమెకి సైన్యం మిగిల్చిన దారి అదొక్కటే మరి.

ఈ కథ మన ఊళ్లలోనూ నడిచింది. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం శాశ్వతంగా దిగింది. హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన వెలిసిన ఆ దండుకి 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. జనం నోట అది లష్కర్. తర్వాత తిరుమలగిరి, బొల్లారం దాకా పాకి దక్షిణాదిలోనే పెద్ద సైనిక స్థావరాల్లో ఒకటైంది. ఇటు బళ్లారి, అటు మచిలీపట్నం కోట కూడా తెల్ల పటాలాలు ఉన్న చోట్లే. మచిలీపట్నంలో చిత్తడినేల, దోమలు, ఉప్పునీళ్లు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన వేలమందిని మింగాక అక్కడ సైన్యాన్ని ఉంచే ఆలోచన మానుకున్నారు.

లష్కర్‌లో పిల్లల రోజు ఎండని బట్టి నడిచేది. తెల్లవారకముందే ఫిరంగి మోగేది. చోటా హాజరీ పేరుతో ఒక పాలగ్లాసు, అరటిపండో రొట్టెముక్కో. ఎండెక్కేలోపే ఆయా పిల్లల్ని షికారు తిప్పి తీసుకొచ్చేయాలి. తలమీద బెండుటోపీ తప్పనిసరి. నడుముకి ఉన్నిగుడ్డ పట్టీ చుట్టేవారు. కడుపుకి చల్లగాలి సోకితే కలరా వస్తుందని అప్పటి డాక్టర్లూ నమ్మారు. మే నెల ఉక్కలో ఉన్ని పట్టీ కింద చెమటకాయలతో ఆ పసివాళ్లు ఎంత గింజుకునేవారో! తొమ్మిదింటికల్లా తలుపులు మూసి, గుమ్మాలకి వట్టివేళ్ల తడికలు దించి నీళ్లు చల్లేవారు. లోపల చీకటి, పైన పంఖా. పంఖా తాడు లాగేవాడు వసారాలో కూర్చుని, చెయ్యి నొప్పెడితే కాలి బొటనవేలికి తాడు కట్టుకుని లాగేవాడు. సాయంత్రం తలుపులు తెరుచుకున్నాక మళ్లీ ఆయా, మళ్లీ మైదానం, బ్యాండు వాయించే చోటు చుట్టూ పరుగులు.

తల్లుల భయమంతా పాల దగ్గర. పాలలో నీళ్లు కలుస్తాయి, ఆ నీళ్లు ఎక్కడివో తెలీదు. అందుకని స్తోమత ఉన్న ఇళ్లలో ఆవునే గుమ్మం ముందుకి తోలుకురమ్మనేవారు. గిన్నె బోర్లించి చూపించాలి, కళ్లెదుటే పితకాలి, వెంటనే కాచాలి. 1888లో ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ కలిసి ఇండియాలో కాపురం చేసే దొరసానుల కోసం ఒక పెద్ద గృహనిర్వహణ పుస్తకం రాశారు. వంటలు, జీతాలు, పనివాళ్ల మీద అదుపు, పిల్లల సంరక్షణ, అన్నీ అందులో ఉన్నాయి. ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉంది. బ్యారక్ తల్లికి ఆ పుస్తకం కొనే డబ్బూ లేదు, చాలాసార్లు చదివే చదువూ లేదు. ఆమెకి ఆసరా పక్కింటి సార్జంటు భార్య, లేకపోతే ఆయా చెప్పే ఇంటివైద్యం.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా పిల్లలు రాలిపోయారు. 1857 తిరుగుబాటు తర్వాత ఇండియాలో సైన్యం ఆరోగ్యం మీద 1859లో ఒక రాయల్ కమిషన్ వేశారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ దాని వెనక పట్టుదలగా పనిచేసింది. 1863లో నివేదిక వచ్చింది. ఏడాదికి వెయ్యిమంది తెల్ల సైనికుల్లో 69 మంది చనిపోతున్నారని అందులో తేలింది. వాళ్లలో ఎక్కువమంది యుద్ధంలో పోలేదు. మురుగు, నీళ్లు, ఇరుకు బ్యారక్‌లు పొట్టనపెట్టుకున్నాయి. ఇరవై పాతికేళ్ల మొనగాళ్లకే ఆ గతి పట్టిన చోట ఏడాది బిడ్డలు ఎలా బతకాలి? సికింద్రాబాద్, బళ్లారి, మచిలీపట్నం పాత సమాధుల తోటల్లో రాళ్ల మీద నెలల్లోనూ రోజుల్లోనూ లెక్కపెట్టిన వయసులు కనిపిస్తాయి. రాయి నిలబెట్టగలిగింది ఆఫీసర్లు, సార్జంట్లే. మామూలు సోల్జరు బిడ్డ గుర్తు మట్టిదిబ్బే.

నివేదిక తర్వాత డబ్బు కదిలింది. దేశమంతటా ఎత్తైన కప్పులతో, వెడల్పాటి వసారాలతో రాతి బ్యారక్‌లు లేచాయి. సంసారులకి విడి ఇళ్లు వచ్చాయి. దుప్పటి గోడల కాలం ముగిసింది.

కలరా తెల్లవాళ్లని చూసి రాలేదు. పటాలం వెంట నడిచే మనవాళ్లనీ అదే పట్టిపీడించింది. 1813లో హైదరాబాద్, సికింద్రాబాద్ ప్రాంతాల్లో కలరా ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడు. తన ఊరి జనం ఆ గండం గట్టెక్కితే లష్కర్‌లో అమ్మవారిని నిలుపుతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగొచ్చి కర్రవిగ్రహం ప్రతిష్ఠించాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. ఏటా ఆషాఢంలో లక్షలమంది మొక్కులు చెల్లించే లష్కర్ బోనాల మూలం, దూరదేశంలో కొలువుచేస్తూ ఇంటిమీద బెంగపెట్టుకున్న ఒక సైనికోద్యోగి మొక్కే.

మద్రాసు సైన్యంలో తెలుగు, తమిళ, దక్కనీ ముస్లిం సిపాయిల ఇళ్ల తీరు వేరు. ఉత్తరాది బెంగాల్ సైన్యపు సిపాయి భార్యని పల్లెలో వదిలి వచ్చేవాడు. మద్రాసు సిపాయి ఆలుబిడ్డల్ని, ముసలి తల్లిని, ఒక్కోసారి మేకనీ వెంటపెట్టుకుని పటాలంతో నడిచేవాడు. పటాలం కదిలితే ఊరు కదిలినట్టే. వాళ్ల మగపిల్లల్ని కొందరిని చిన్నప్పుడే సగం జీతం మీద పటాలం పుస్తకంలో రాసుకునేవారు. పెరిగాక సిపాయిలు వాళ్లే. ఓడెక్కమన్న రోజునే చిక్కు. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో సిపాయిలని మద్రాసుకి ఓడెక్కమంటే ఎదురు తిరిగి తమ ఆఫీసర్ల మీదే తుపాకులు పేల్చారు. 1824లో బర్మా యుద్ధానికి మద్రాసు పటాలాలు సముద్రం దాటినప్పుడు కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. సిపాయి జీతంలోంచి కొంత కోసి ఇంటివాళ్లకి ఇచ్చే ఏర్పాటు మీద బతికాయి. ఆ ఇళ్లలో పిల్లలు ఎలా పెరిగారన్నది రాసిపెట్టినవాళ్లు లేరు. తెల్ల సోల్జరు బిడ్డకి దొరికిన ఒకటి రెండు వాక్యాలు కూడా వీళ్లకి దొరకలేదు.

మళ్లీ తెల్ల పటాలం పిల్లల దగ్గరికి వద్దాం. తండ్రి పోయి, తల్లి పోయి, లేదా తల్లి ఈ దేశపు మనిషై, తండ్రి పటాలం వేరే చోటికి వెళ్లిపోయి, ఎవరికీ కాకుండా పోయిన పిల్లలు మద్రాసు వీధుల్లో వందల్లో కనిపించేవారు. వాళ్లలో ఆడపిల్లలకి 1787లో, మగపిల్లలకి 1789లో మద్రాసులో అనాథాశ్రమాలు తెరిచారు. ఎగ్మూర్‌లోని మగపిల్లల ఆశ్రమాన్ని చూసుకోవడానికి డాక్టర్ ఆండ్రూ బెల్ అనే స్కాటిష్ మతగురువు ముందుకొచ్చాడు. పంతుళ్లు చాలలేదు, ఉన్నవాళ్లకి మనసు లేదు. ఒక పొద్దున గుర్రం మీద వెళ్తూ బెల్ ఒక వీధిబడి చూశాడు. పిల్లలు నేల మీద కూర్చుని, ఇసుక పరిచి, వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. తప్పు పోతే అరచేత్తో సాపుచేసి మళ్లీ రాస్తున్నారు. మన తాతముత్తాతలు ఓనమాలు దిద్దిన పద్ధతే అది.

బెల్ ఆశ్రమానికి పరుగున వచ్చి అక్షరాలు రాని తరగతికి ఇసుక పోయించాడు. పంతులు ఇది కుదిరేపని కాదన్నాడు. అప్పుడు బెల్ ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే సోల్జరు కొడుకుని పిలిచి తరగతి అప్పగించాడు. ఆ పిల్లవాడు నేర్పించి చూపించాడు. అక్కడి నుంచి తరగతి తరగతికీ పెద్దపిల్లలే పంతుళ్లయ్యారు. 1796లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లిన బెల్ మరుసటి ఏడు ఈ ప్రయోగం మీద పుస్తకం అచ్చువేశాడు. ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది ఇంగ్లండ్‌లో వేల బడులకి పాకింది. 1811 చివర్లో బ్రిటిష్ సైన్యం ప్రతి బెటాలియన్‌లో పిల్లలకీ సైనికులకీ బడి పెట్టమని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, సార్జంటు పంతుళ్లు పాటించాల్సిన పద్ధతిగా తీసుకున్నది బెల్ పద్ధతినే. జిబ్రాల్టర్‌లోనో కెనడాలోనో పటాలం బడిలో చదువుకున్న సోల్జరు బిడ్డ, మన వీధిబడి ఇసుక చలవతోనే అక్షరం నేర్చాడన్నమాట. ఈ సంగతి మన విద్యాచరిత్రల్లో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఆ ఆశ్రమం పిల్లల ముందు దారులు మాత్రం మూసుకుపోయాయి. 1791లో, మళ్లీ 1795లో కంపెనీ తెచ్చిన నిబంధనలతో తల్లి ఈ దేశపు మనిషి అయితే కొడుకు ఆఫీసరు కాలేడు. సైన్యంలో వాళ్లకి మిగిలింది డోలు కొట్టడం, పిల్లనగ్రోవి వాయించడం, గుర్రాలకి లాడాలు కొట్టడం. తండ్రి ఏ పటాలంలో ప్రాణం ఇచ్చాడో ఆ పటాలమే కొడుకుని చేతికి తుపాకి ఇవ్వకుండా బ్యాండులో నిలబెట్టింది. నిలువెత్తు అన్యాయం ఇది.

సోల్జర్ల పిల్లల కోసం నిజంగా గుండె కరిగిన ఆఫీసరు హెన్రీ లారెన్స్. ఆయనే ఒక పటాలం బిడ్డ. 1806లో సిలోన్‌లో పుట్టాడు. తండ్రి శ్రీరంగపట్నం ముట్టడిలో పోరాడినవాడు. లారెన్స్ భార్య హొనోరియా గుడారాల్లో, పల్లకీల్లో, కొండదారుల్లో పిల్లల్ని పెంచిన మనిషి. నేపాల్లో అడుగుపెట్టిన తొలి యూరోపియన్ మహిళగా ఆమెని చెబుతారు. పసికూతురు లెటీషియాని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వాళ్లు. బ్యారక్ పిల్లలు ఎండకీ, తాగుడికీ, రోగాలకీ బలవుతున్నారని, వాళ్లని కొండల మీదికి చేర్చాలని పట్టుబట్టి 1847 ఏప్రిల్‌లో సనావర్‌లో ఆశ్రమం తెరిచారు. మొదట చేరింది 14 మంది పిల్లలు. తర్వాత మౌంట్ ఆబూ, ఊటీ, ముర్రీ కొండల్లో కూడా అలాంటివి వచ్చాయి. 1857 జూలై 4న లక్నోలో లారెన్స్ ఫిరంగి గుండు గాయాలతో చనిపోయాడు. ఊటీ ఆశ్రమం ఆ మరుసటి ఏడు మొదలైంది. 1870లలో బెల్ నడిపిన మద్రాసు ఆశ్రమం మగపిల్లలని అందులోనే కలిపేశారు. కొండగాలి పిల్లల్ని బతికించింది, నిజమే. బదులుగా అమ్మానాన్నలని ఏడాదికోసారి చూడటం కూడా కష్టమైంది.

ఆఫీసరు పిల్లలకి ఆ ఎడబాటు ఇంకా పెద్దది. ఐదారేళ్లు దాటితే ఇండియా ఎండ తెల్లపిల్లల్ని పీల్చేస్తుందని, ఒళ్లూ బుద్ధీ కూడా బలహీనపడతాయని డాక్టర్ జోసెఫ్ ఫేరర్ 1873లో బెంగాల్లో యూరోపియన్ పిల్లల మీద రాసిన పుస్తకంలో వాదించాడు. అప్పటికే అందరూ పాటిస్తున్న ఆచారానికి అది వైద్యం ముద్ర వేసింది. దాని వెనక ఇంకో భయమూ ఉంది. ఆయా ఒళ్లో పెరిగిన పిల్ల ముందు ఆయా భాషే మాట్లాడేది. ఆ యాసతో పెరిగితే తర్వాత దొరల సమాజంలో చులకనవుతుందని తల్లిదండ్రుల బెంగ.

కాన్పూర్‌లో 1832లో పుట్టిన ఫ్రెడరిక్ రాబర్ట్స్‌ని రెండేళ్లకే ఇంగ్లండ్ పంపేశారు. ఇరవయ్యో ఏట సైనికుడిగా తిరిగొచ్చి పెషావర్‌లో తండ్రి కింద కొలువులో చేరాడు. కలిసిన రోజున తండ్రీ కొడుకులు ఒకరికొకరు దాదాపు కొత్తవాళ్లేనని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. తర్వాత ఆయన మద్రాసు సైన్యానికి అధిపతిగా 1881 నుంచి 1885 దాకా పనిచేశాడు. దేశం మొత్తానికీ సేనాధిపతి అయ్యాడు. ఆరుగురు పిల్లల్లో ముగ్గురు పసితనంలోనే పోయారు. సైన్యంలో ఎంత పెద్ద హోదా ఉన్నా ఆ నష్టం తప్పలేదు.

రోనాల్డ్ రాస్ కథ మనకి మరీ దగ్గర. మీరట్‌లో సిపాయిలు లేచిన మూడు రోజులకి, 1857 మే 13న, అల్మోరాలో ఒక సైనికాధికారికి పుట్టాడు. ఎనిమిదేళ్లకి ఇంగ్లండ్‌లోని వైట్ దీవిలో బంధువుల ఇంటికి చేర్చారు. డాక్టరై 1881లో మద్రాసు సైన్యపు వైద్యుడిగా వచ్చాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ దండు పక్కనే బేగంపేటలో దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఈ దేశపు జ్వరాలకి భయపడి ఇల్లు దాటించిన పిల్లవాడే తిరిగొచ్చి ఆ జ్వరం గుట్టు విప్పాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

పిల్లలని ఇంగ్లండ్ చేర్చే ఓడలో వాళ్ల పక్కన కూర్చున్నది ఎక్కువసార్లు ఆయానే. అలలకి వాంతులు చేసుకునే పిల్లల్ని కడిగి, తినిపించి, లండన్ రేవులో బంధువుల చేతుల్లో పెట్టేది. తిరుగు టికెట్ ఇస్తామన్న మాట కొందరు దొరసానులు నిలబెట్టుకోలేదు. అలా చలిలో నడివీధిన మిగిలిన ఆయాల కోసం లండన్‌లో ఒక ఆశ్రయం నడిచేది. 1900లో అది హ్యాక్నీలో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డు 26వ నంబరు ఇంటికి మారింది. ఏటా వందమంది దాకా అక్కడ తలదాచుకునేవారు. మిసెస్ ఆంటొనీ పెరీరా అనే ఆయా ఇండియాకీ ఇంగ్లండ్‌కీ మధ్య 54 సార్లు ప్రయాణం చేసింది. ఆమెలాంటివాళ్ల స్వంత పిల్లలు అన్ని నెలలు ఎవరి దగ్గర పెరిగారు? అమ్మమ్మల దగ్గరో మేనత్తల దగ్గరో. సామ్రాజ్యపు పసిపిల్లల పెంపకానికి అసలు మూల్యం చెల్లించినవాళ్లలో ఆ పిల్లలూ ఉన్నారు. 2022లో ఆ ఇంటి గోడకి చరిత్ర స్మారకంగా నీలిరంగు ఫలకం బిగించారు. నూట ఇరవై ఏళ్ల తర్వాతైనా చేశారు, సంతోషం.

20వ శతాబ్దంలో మందులు మెరుగయ్యాయి, బ్యారక్ పిల్లలు ఎక్కువగా బతికారు. తర్వాత కాలంలో బ్రిటిష్ హాస్యరచయితగా వెలిగిన స్పైక్ మిలిగన్ 1918లో అహ్మద్‌నగర్‌లో పుట్టాడు. తండ్రి ఐరిష్ మనిషి, ఫిరంగి దళంలో ఉద్యోగి. పుణెలో, తర్వాత రంగూన్‌లో పెరిగాడు. 1930ల మొదట్లో సైన్యంలో ఖర్చు తగ్గింపుతో తండ్రి ఉద్యోగం పోయి, కుటుంబం లండన్ చేరింది. ఎండలో చెట్టూ పుట్టా తిరిగిన పిల్లవాడు ఒక్కసారిగా ఇరుకింట్లో, పొగమంచులో పడ్డాడు. ఆ దెబ్బ గురించి, కోల్పోయిన ఇండియా గురించి జీవితాంతం చెబుతూనే ఉన్నాడు.

1947లో అందరి వంతూ వచ్చింది. బ్రిటిష్ సైన్యపు చివరి దళం 1948 ఫిబ్రవరి 28న బొంబాయి గేట్‌వే మీదుగా వెళ్లిపోయింది. కుటుంబాలు అంతకుముందు నుంచే ఓడలెక్కాయి. దిగిన దేశంలో రేషన్ కార్డులు ఎదురయ్యాయి. మాంసం మీద రేషన్ 1954 దాకా తొలగలేదు. ఆయా లేదు, వంటవాడు లేడు, బొగ్గు తామే మోసుకోవాలి. సైన్యంలో బ్యాండు వాయించినవాళ్ల, గుర్రాలకి లాడాలు కొట్టినవాళ్ల మనవలు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. సికింద్రాబాద్‌లో లాలాగూడ, మెట్టుగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ ఇళ్లు అలా నిలిచాయి. ఊటీ లారెన్స్ ఆశ్రమాన్ని 1949లో భారత ప్రభుత్వపు విద్యాశాఖ చేతికి అప్పగించారు. ఊటీ దగ్గరి లవ్‌డేల్‌లో ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది.